అత్తయ్యకు ఇవ్వలేని ఆర్డరు

నాకు పెళ్లయిన మూడో ఏడు. గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే గోడౌన్‌లో నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. నా కింద పనిచేసే ఆడవాళ్లలో మా అత్తయ్య కూడా ఉన్నారు.

నిప్పంటుకుంటే పనివాళ్లను ఎలా బయటికి పంపాలో నేర్పడానికి ఒకాయన వచ్చాడు. అత్తయ్యను పనిలో ఉన్న మనిషిలా నా ఎదుట కూర్చోబెట్టి, నిప్పంటుకున్నట్టు నాటకంలా ఆడించాడు.

"అత్తయ్యా, కాస్త లేస్తారా?" అన్నాను. అందరూ నవ్వారు.

"మంటల్లో బతిమాలతావా అమ్మా? ఆర్డరెయ్యి!" అన్నాడాయన.

మూడోసారికి కళ్లు మూసుకుని "లెగు! బయటికి నడు!" అని అరిచాను. అత్తయ్య లేచారు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మళ్లీ మాట కలిపిన మర్నాడే పక్క గదిలో మిరప బస్తాలు అంటుకున్నాయి. "లెగండి! నడవండి!" అని అరిచాను. అందరూ పరిగెత్తారు. మూలన కూర్చున్న అత్తయ్య దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"అత్తయ్యా, కాస్త బయటికి వస్తారా?"

"ఈ బుట్ట అయిపోవచ్చిందమ్మాయ్. నువ్వు పద, వస్తన్నా."

నా మర్యాద తగలెయ్య, నేను ముందు నడిచాను. గుమ్మం దాటేలోపే మాడిన మిరప ఘాటు గోడౌనంతా కమ్మేసింది. ముఖాలకు తడి తువ్వాళ్లు చుట్టుకుని ఇద్దరు లోపలికెళ్లి ఆవిడను మోసుకొచ్చారు.

బతికారు. ఊపిరితిత్తులే బాగుపడలేదు. ఇప్పుడు లెమ్మంటే లేస్తారు, పడుకోమంటే పడుకుంటారు. నేనేం చెప్పినా కాదనరు.

కాదనడానికి ఆవిడకు ఊపిరి చాలదు.