గంటమ్మ నాలుగో గొంతు

మా చెల్లెలికి గంటమ్మ అన్న పేరు ఇంట్లో పెట్టింది కాదు, బడిలో పడింది. మేమిద్దరం చదివిన కాన్వెంటులో పెద్ద సిస్టర్ నడిచొస్తుంటే గోడ మీది బల్లి కూడా వెనక్కి పాకేది. ఒక మధ్యాహ్నం లెక్కల క్లాసు ఎంతకీ తెమలకపోతే, నీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లిన మా చెల్లెలు వరండాలో మూల నిలబడి, అచ్చం పెద్ద సిస్టర్ గొంతుతో, "పిల్లలందరూ సంచులు తీసుకుని ఇళ్లకు వెళ్లండి" అంది. బడి బడంతా లేచింది. టీచర్లు గొడుగులు వెతుక్కున్నారు. తోటమాలి మొక్కకు సగం నీళ్లు పోసి డబ్బా వదిలేశాడు. కోతలంటారు గానీ, గేటు దగ్గర పడుకునే కుక్క కూడా లేచి ఒళ్లు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. నిజమైన పెద్ద సిస్టర్ గేటు దాకా పరుగెత్తుకొచ్చి, వెనక్కి రమ్మని అరిచింది. ఒక్కరూ రాలేదు. ఎవతో సిస్టర్‌ని భలే అనుకరిస్తోందని నవ్వుకుంటూ ఇంకా వేగంగా నడిచారు. నేనూ నడిచాను. ఆ రోజు నుంచి బడిగంట కంటే మా చెల్లెలి నోటికే విలువ ఎక్కువైంది. పేరు అలా స్థిరపడింది.

పెద్దయ్యాక ఆ గొంతే ఆమెకు అన్నం పెట్టింది. పుస్తకాలను చదివి రికార్డు చేసే స్టూడియోలో పని. స్టూడియో అంటే గొప్పగా ఊహించుకోకండి. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత దుప్పట్లు, ఒక దీపం, ఒక మైకు, మంచినీళ్ల గ్లాసు. చప్పుడని ఫ్యాను వేయరు. గాజులు బయట తీసిపెట్టి వెళ్లాలి. కొత్త బట్ట కట్టుకుంటే గరగరమంటుంది కాబట్టి పండగలాంటి జీతం వచ్చిన నాడు కూడా పాత చీరే. నోరు ఎండి చప్పరింపులు వినబడకుండా పుల్లని ఆపిల్ ముక్క కొరుకుతూ ఉండేది. అద్దానికి అవతల కూర్చునే సౌండబ్బాయికి నలభై ఏళ్లు దాటి జుట్టంతా ఊడిపోయినా అబ్బాయి అన్న పేరు ఊడలేదు. గంటమ్మ చదివినదాంట్లోంచి దగ్గునీ, గుటకనీ, వాక్యానికి ముందు తీసుకునే ఊపిరినీ ఏరి పారేయడం అతని పని. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేవాడు.

ఆమె ఎన్ని రకాల పుస్తకాలు చదివినా, పిల్లలు వెర్రెత్తి విన్నవి మాత్రం మూడు వరుసలు. పాడైపోయిన లోకాల కథలు. ఒక్కో వరుసలో మూడు నాలుగు పుస్తకాలు, ఒక్కోటి ఇటుకంత. మా ఇంట్లో వాటిని అసలు పేర్లతో ఎవరూ పిలవలేదు. నీళ్ల కథ, అంతస్తుల కథ, నిద్ర కథ, అంతే.

నీళ్ల కథలో సముద్రం ఎండిపోయింది. నీళ్లు గిన్నెలతో కొలిచి పోస్తారు. పదిహేనేళ్లు నిండిన పిల్లల్ని అడుగు తెలియని బావుల్లోకి దింపుతారు. అంతస్తుల కథలో ఊరంతా కలిసి ఒకే మేడ. ఒక పరీక్ష పెట్టి, ఎవరు ఏ అంతస్తులో బతకాలో తేల్చి, వెనక మెట్ల తలుపు మూసేస్తారు. నిద్ర కథలో పడుకోమన్నప్పుడు ఊరు పడుకోవాలి, లేవమన్నప్పుడు లేవాలి. ఒక పిల్లకు నిద్ర పట్టదు. ఊరు నిద్రపోయినప్పుడు జరిగేదంతా ఆ పిల్ల చూస్తుంది.

గంటమ్మ కూతురు ఆసుపత్రిలో నర్సు, వేళాపాళా లేని ఉద్యోగం. అందుకని మనవరాలు అమ్మమ్మ దగ్గరే పెరిగింది. పదో తరగతి పిల్ల. ఈ మూడింటిలో ఏది గొప్పదన్న వాదన ఆ పిల్ల మొదలుపెడితే పొయ్యి మీది పాలు పొంగిపోవాల్సిందే. నీళ్ల కథలో కుర్రాడికి ధైర్యం ఎక్కువ, బుర్ర తక్కువ అనేది. అంతస్తుల కథ మొదటి పుస్తకం బంగారమట, మూడోది శుద్ధ దండగట. మేడ కూలిపోతుంటే అందులోని అమ్మాయి ఇద్దరబ్బాయిల్లో ఎవరిని చేసుకోవాలో తేల్చుకోలేక మెట్ల మీద కూర్చుని ఏడ్చిందని కోపం. ఇద్దర్నీ తోసేసి ఆమె లిఫ్టులో దిగిపోవాల్సిందని నేను తీర్పు చెప్పాను. నా ఓటు చెల్లదన్నారు.

గంటమ్మ లెక్క వేరు. మూడు కథల్లోనూ ఊరికి ఆజ్ఞలు వినిపించే గొంతు ఒకటుంది. మనిషి ఎక్కడా కనబడదు, గొంతే. మూడింటినీ తనే పలికింది. మొదటిదాన్ని కరకుగా, రెండోదాన్ని మర్యాదగా, మూడోదాన్ని జోకొడుతున్నట్టు. ఆ గొంతులను పక్కపక్కన పెట్టి కథలను తూచేది.

"నీళ్ల కథలో జనం భయపడి విన్నారు," అంది ఒకసారి, బట్టలు మడతపెడుతూ. "అంతస్తుల కథలో మెప్పు కోసం విన్నారు. నిద్ర కథలో అలవాటై విన్నారు. అన్నిట్లోకీ అదే దరిద్రం."

"మూడింట్లోనూ ఒకటే తప్పు అమ్మమ్మా," అంది మనవరాలు. "మాట్లాడుతున్నది ఎవరని ఒక్కళ్లు కూడా అడగరు. నిజంగా అయితే అడుగుతారు."

గంటమ్మ నా వైపు చూసింది. నేను గేటు దగ్గరి కుక్కను తలుచుకున్నాను.

అప్పటికే మేమంతా ఉండే భవనాల యాజమాన్యం మారింది. కొత్తవాళ్లు వీధి పొడుగునా స్తంభాలు పాతి, వాటికి బూరల్లాంటి మైకులు బిగించారు. నీళ్లు ఆలస్యమైతే చెప్పడానికీ, లిఫ్టు చెడిపోతే చెప్పడానికీ అన్నారు. తెలిసిన గొంతైతే జనానికి బాగుంటుందని గంటమ్మను అడిగారు. మొదట్లో మామూలు వాక్యాలే చదివించారు. తర్వాత ఒక్కొక్క మాట విడిగా చదవమన్నారు. తలుపు. వీధి. వెంటనే. దయచేసి. తీసుకుని. రేపు. లోపల. వరుసగా. ఇవి దేనికయ్యా అని సౌండబ్బాయిని అడిగితే, ఏమో అక్కా, ఏరమన్నారు ఏరుతున్నాను అన్నాడట.

కొన్నాళ్లు స్తంభం బుద్ధిగానే ఉంది. లిఫ్టు చెడితే చెప్పింది, బాగైతే చెప్పింది. కింది వాటాలో కొట్టు పెట్టుకున్న దర్జీ, స్తంభం గొంతు విప్పితే మిషను ఆపి మరీ వినేవాడు. "మా గంటమ్మక్క చెబితే లిఫ్టు చెడిపోయినా బాధనిపించదు" అని మురిసిపోయేవాడు.

ఒక ఉదయం మా చెల్లెలు నా గదిలో కూర్చుని టీ చల్లార్చుకుంటుండగా, బయట ఆమె గొంతే వినబడింది. వీధివైపు కిటికీలు ఇక నుంచి మూసి ఉంచమని చెప్పింది. గంటమ్మ కప్పు కింద పెట్టింది.

"అన్నయ్యా, ఇది నేను చెప్పలేదు," అంది.

మధ్యాహ్నానికి వీధిలో కిటికీలన్నీ మూసుకున్నాయి. ఎందుకు మూశావయ్యా అని దర్జీని అడిగితే, అక్క ఊరికే చెబుతుందా అన్నాడు. గంటమ్మ యాజమాన్యం ఆఫీసుకు వెళ్లి గొడవపెట్టుకుంది. అక్కడి మేనేజర్ కుర్రాడు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "గొంతు మీదే కదమ్మా, మాటలూ మీవే కదా. మేం పక్కపక్కన పెట్టామంతే," అన్నాడట. మర్యాదలో లోటేమీ చేయలేదు. అంతస్తుల కథలో తను పలికిన గొంతు గుర్తొచ్చిందని ఇంటికొచ్చాక చెప్పింది.

తర్వాత వెనక వీధి వంతు వచ్చింది. మరమ్మతులున్నాయి, తాళంచెవులు తెచ్చి కింది హాల్లో ఇవ్వండని స్తంభం ఆ వీధివాళ్లకు చెప్పింది. ఇచ్చారు. మర్నాడు లారీలొచ్చాయి. ఇప్పుడు మా వంటింటి కిటికీ సందులోంచి చూస్తే ఆ వీధిలో ఒక్క దీపం వెలగదు. వాళ్లు ఎక్కడికెళ్లారంటే తలా ఒక మాట చెబుతారు. ఒకావిడ ఆరేసిన దుప్పటి మాత్రం ఇప్పటికీ తీగ మీదే ఉంది.

తేడా కనిపెట్టింది మనవరాలు. స్తంభం మాట్లాడినప్పుడల్లా అరచెయ్యి గుండె మీద పెట్టుకుని వినేది. "అమ్మమ్మ ప్రతి మాటకూ ముందు ఊపిరి తీసుకుంటుంది తాతయ్యా. మధ్యలో దగ్గుతుంది. స్తంభం ఊపిరి తీసుకోదు," అంది. ఇంటింటికీ తిరిగి అదే చెప్పింది. ఊపిరి లేకపోతే మా అమ్మమ్మ కాదు, నమ్మకండి అని. జనం బిస్కెట్టు పెట్టి, బుగ్గ గిల్లి పంపించారు.

తర్వాత మా మూడో వీధి వంతు. తాళంచెవులు తీసుకుని వరుసగా కింది హాల్లోకి రమ్మంది స్తంభం, గంటమ్మ గొంతుతో, దయచేసి అని కూడా చేర్చి.

జనం మెట్లు దిగుతున్నారు. గంటమ్మ వాళ్లకు అడ్డంగా నిలబడింది. అది నేను కాదు, తాళాలు ఇవ్వకండి, వెనక వీధి ఏమైందో చూశారుగా అంది. అరుపుకి గొంతు బొంగురుపోయింది. స్తంభం గొంతు మాత్రం తేనెలా ఉంది.

"అక్కా, ఇందాకే కదా రమ్మన్నావు," అన్నాడు దర్జీ, జాలిగా. "వయసు మీదపడింది, పోయి కాసేపు పడుకో." ఆమెను తప్పించుకుని దిగిపోయాడు. నాకు పెద్ద సిస్టర్ కళ్ల ముందు మెదిలింది, గేటు పట్టుకుని అరుస్తూ.

స్తంభం తీగలు కోసేద్దామంది మనవరాలు. మూడు కథల్లోనూ చివరి పుస్తకంలో అదే చేస్తారు మరి. గంటమ్మ తల అడ్డంగా ఊపింది. మెట్ల దారిలో పై మలుపుకి ఎక్కి, గోడకు ముఖం పెట్టి నిలబడింది. అక్కడ మాట్లాడితే కింది దాకా గింగురుమంటుంది. గుండె నిండా గాలి పీల్చుకుని, నిద్ర కథ గొంతు తీసింది.

"మూడో వీధి నివాసులకు మనవి. తాళంచెవుల కార్యక్రమం ఆగిపోయింది. దయచేసి ఇళ్లకు వెళ్లండి."

మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. కింద వరుస కాసేపు కదలలేదు. తర్వాత చెప్పుల చప్పుడు వెనక్కి తిరిగింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. హాల్లో మేనేజర్ కుర్రాడు తాళంచెవుల కోసం తెచ్చిన ఖాళీ పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. జనం కనుమరుగయ్యాక గంటమ్మ గోడ పట్టుకుని, ఇంతసేపూ బిగబట్టిన ఊపిరిని వదిలి, గట్టిగా దగ్గింది. పొడిదగ్గు, రెండుసార్లు, చివర సన్నని కూత. ఆ దగ్గు మెట్ల దారంతా మోగింది. మనవరాలు అమ్మమ్మను వాటేసుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల రెండు మెట్లు వెనక్కి దిగి నిలబడింది.

ఆ దగ్గుతో దర్జీకి అసలు సంగతి అర్థమైంది. గంటమ్మ మోసం చేసిందని ముందు అలిగాడు. తర్వాత కిటికీ సందులోంచి వెనక వీధి తీగ మీది దుప్పటిని కాసేపు చూసి, తన తాళంచెవిని బొడ్లో దోపుకున్నాడు. అప్పట్నుంచి మనవరాలి మాటకు వీధిలో విలువ వచ్చింది. స్తంభం నోరు తెరిస్తే చాలు, చిన్నా పెద్దా చెవులు రిక్కించి ఊపిరి కోసం వెతికేవారు. లేదు, ఆమె కాదు అని తేల్చుకుని పనుల్లో పడిపోయేవారు. గెలిచామనుకున్నాం. ఒకటి రెండు కిటికీలు కూడా తెరుచుకున్నాయి. స్తంభం కొన్నాళ్లు మూగనోము పట్టింది. మా చెల్లెలు మాత్రం మెట్ల దారిలో ఆ పై మలుపు దగ్గరకు వచ్చినప్పుడల్లా తలెత్తి కప్పు వైపు చూసేది. అక్కడ దీపం పక్కన చిన్న నల్లటి డబ్బా ఒకటి ఉంది, స్టూడియో మైకుకున్నట్టే ముందు సన్నని జల్లెడతో. పాతదో, కొత్తగా బిగించిందో ఎవరికీ గుర్తులేదు.

ఇవాళ ఉదయం మేం ముగ్గురం వంటింట్లో ఉన్నాం. గంటమ్మ మంచినీళ్లు తాగుతోంది. బయట స్తంభం గరగరమంది. మాటకు ముందు ఎవరో గుండె నిండా గాలి పీల్చుకున్న చప్పుడు.

"మూడో వీధి నివాసులకు మనవి. తాళంచెవులు తీసుకుని కింది హాల్లోకి రండి."

తర్వాత దగ్గు. పొడిదగ్గు, రెండుసార్లు, చివర సన్నని కూత.

గ్లాసు ఇంకా గంటమ్మ పెదవుల దగ్గరే ఉంది. మనవరాలు ఆ పెదవులనే చూస్తోంది. కింద మిషను ఆగింది. దర్జీ వీధిలోకి వచ్చి, మా కిటికీ వైపు తలెత్తి చెయ్యి ఊపాడు.

"విన్నాను పిల్లా," అని మనవరాలితో అన్నాడు. "ఊపిరుంది, దగ్గూ ఉంది. ఈసారి మీ అమ్మమ్మే."

గంటమ్మ కిటికీ తలుపు పూర్తిగా తోసి, వద్దని అరిచింది. ఇళ్లలోంచి జనం అప్పటికే బయటికొస్తున్నారు. కొందరు తలెత్తి చూశారు. ఎవరో అక్కను భలే అనుకరిస్తున్నారని వాళ్లలో ఒకరు అన్నారు. మిగతావాళ్లు నవ్వుకుంటూ నడిచారు. హాల్లో పళ్లెంలో మొదటి తాళంచెవి పడిన చప్పుడు మా దాకా వచ్చింది, తర్వాత ఇంకొకటి.

మెట్ల దాకా ఎలా వచ్చానో తెలియదు. చూసుకుంటే నా చెయ్యి జేబులో ఉంది, తాళంచెవి మీద.