మొదలుపెట్టిన మంత్రం

పలివెలలో పౌరోహిత్యం చేసే కౌశిక్‌కు ఫోన్లన్నీ చిక్కుల మీదే వస్తాయి. రేపు గృహప్రవేశమనగా ఇవాళ పురుడొచ్చింది, ఏం చెయ్యమంటారు? ఇలాంటివి. నాన్చడు, ఉన్నది చెప్పేస్తాడు. మా ఆదివారం ఆటకు అతణ్ణి పెద్దగా పెట్టుకున్నది అందుకే.

ఆటంటే పేకాట కాదు, మా అత్తగారు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నా. తలా ఒక పాత్ర, పాచికలు, ఒక లావుపాటి రూల్ బుక్. కథ నడిపేది కౌశిక్. కొత్తపేటలో అంజిబాబు, యామిని దంపతుల మేడమీద కూర్చుంటాం. అంజిబాబుది కత్తివీరుడు, అతని భార్య యామినిది వైద్యురాలు, నాది దొంగ. అలాంటివన్నీ నాకే తగులుతాయి.

అంజిబాబు కువైట్ వెళ్ళేముందు అదే ఆఖరి ఆట. అందులో వీరుడు దెబ్బతిని పడిపోయాడు. యామిని ప్రాణమంత్రం అందుకుంది. తన వంతు రెండుసార్లు వచ్చేదాకా అది చదవాలి. సగంలో ఉండగా శత్రువు ఆమె మీద మౌనమంత్రం వేశాడు. మౌనంలో ఏ మంత్రమూ పనిచెయ్యదని పుస్తకంలో ఒకచోట ఉంది. మొదలైన ప్రాణమంత్రాన్ని ఎవరూ ఆపలేరని ఇంకోచోట ఉంది. రాసినవాళ్ళను నోరారా తిట్టాను.

"ఆడు పోతే, తిరిగొచ్చేక నేనేం ఆడతానండీ పంతులుగారూ?" అన్నాడు అంజిబాబు. నవ్వుతూ మొదలుపెట్టాడు గాని, చేతిలో పాచికలు కింద పెట్టేశాడు. ఏళ్ళ తరబడి పెంచుకున్న వీరుడు మరి.

కౌశిక్ పుస్తకం మూసేశాడు.

"కంకణం కట్టేక మైల కబురొచ్చినా పెళ్ళి ఆగదండి. మా చెల్లెలి పెళ్ళి నేనే చేయిస్తుంటే, మా మామ్మ పోయేరని కబురొచ్చింది. ఆపకుండా పూర్తి చేసేను. మీ వీరుడు బతికేడండి."

అంజిబాబు సంబరంగా నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

"ఉండండి" అన్నాడు కౌశిక్. "మైల ఎక్కడికీ పోలేదు, పెళ్ళయ్యేదాకా ఆగింది. అయ్యేక ఆ పందిట్లోనే కూలబడి ఏడ్చేను. ఈ మౌనం కూడా అంతేనండి. మంత్రం పూర్తయ్యేక చదివినావిడ మీద పడుతుంది."

మాట పోతే వైద్యురాలికి ఇక మంత్రం చదవడం కుదరదు. ఆటలో ఉన్నా లేనట్టే. ఇదేం న్యాయమని కౌశిక్‌ను కసిరాను. కోపం నిజంగానే వచ్చింది.

"మార్చలేనండి. యామినిగారు వేరే పాత్ర తీసుకోవచ్చు" అన్నాడు.

"వద్దండి అన్నయ్యగారూ" అంది యామిని. "ఈవిడే ఉంటుంది. ఆయనొచ్చేదాకా మాటాడకపోతే ఏం?"

నలుగురిలో భార్య పక్కన కూర్చోడానికే సిగ్గుపడే అంజిబాబు, మా ఎదుటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ తరవాత వంతు ఎవరిదో కౌశిక్ కూడా చెప్పలేకపోయాడు.