జానెడు హెమ్మింగ్

తప్పులు పట్టడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగే చేస్తున్నాను. ఏదైనా సవ్యంగా నడుస్తోందంటే చాలు, ఎవరో ఏదో దాస్తున్నారని నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి దాన్ని, నా రిసెప్షన్ గౌను కాబోయే అత్తగారే ఇంట్లో కుడతానంటే ఎలా నమ్ముతాను?

ఆమెది హఫీజ్‌పేట. భర్త పోయాక జాకెట్లు కుట్టి కొడుకును ఇంజనీరింగ్ చదివించిన మనిషి. నాకు కావాల్సింది దంతపు రంగు శాటిన్ గౌను, దాని మీద పూల లేసు గుడ్డ. రెండూ నడుము దగ్గర కలవాలి, కింద దేనికది వేలాడాలి. ఫోన్‌లో ఫోటో చూసి, కడప నుంచి వచ్చిన మా అమ్మ "పెండ్లిపూట తెల్లగౌనేందే? ఏం పొయ్యేకాలమే నీకు!" అని గుండెలు బాదుకుంది. అత్తగారు మాత్రం కాసేపు చూసి, "మంచిగుంది బిడ్డా, కుడత" అన్నారు. ఒక్క వంక పెట్టలేదు. అదిగో, అక్కడే నాకు అనుమానం పుట్టింది. గౌను పాడుచేసి చివరికి పట్టుచీర కట్టించాలని ఎత్తు వేశారేమో! రేపు ఆమెతో ఒకే ఇంట్లో బతకాలి. గౌను పోతే పోయింది, మనిషి ఎలాంటిదో తేలాలి కదా.

ఇక ప్రతి శనివారం కాపలాకు వెళ్లినట్టే వెళ్లేదాన్ని. కొలతలు రెండుసార్లు తీస్తే, మొదటిసారి ఏం తప్పు రాసుకున్నారో అనుకున్నాను. లేసులోంచి పూలు కత్తిరించి అతుకుల మీద చేత్తో కుడుతుంటే, ఏం కప్పిపుచ్చుతున్నారో అని వంగి చూశాను.

"ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్? ఫికర్ చెయ్యకు" అని నవ్వేవారు. ఆ నవ్వు కూడా నాకు నచ్చేది కాదు.

ఒకరోజు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల ఆమె ఫోన్లో మాట్లాడుతున్నారు. "అంత అయింది అక్కా. ఆఖరుకు జర ఇడిచిపెట్టిన. అది నేనైతే ముట్ట." నన్ను చూడగానే ఫోన్ పెట్టేశారు. ఇంకేం కావాలి నాకు!

పెళ్లికి రెండు రోజుల ముందు గౌను చేతికొచ్చింది. ఇంటికి తెచ్చి ట్యూబ్‌లైటు కింద తిరగేశాను. ఎంత వెతికినా వంక లేదు. మా అమ్మ కూడా బాగుందనే అంది. చివరికి వెనక అంచు దగ్గర దొరికింది. జానెడు మేర అంచు మడిచి హెమ్మింగ్ చేయకుండా వదిలేశారు. పైగా దారం ఎక్కించిన సూది అక్కడే గుచ్చి ఉంది.

"చూశావా అమ్మా! స్టేజీ మీద కాలికి తట్టి బోర్లా పడాలని. చాలదన్నట్టు సూది కూడా!"

"ఒకమాట అడిగి చూడరాదా?" అంది అమ్మ.

"అడిగితే ఒప్పుకుంటుందా ఎవరైనా?" అని కూకట్‌పల్లిలో కనబడిన మొదటి టైలర్ దగ్గరికి పోయి మిషన్ మీద కుట్టించేశాను. ఆ రాక్షసానందం ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

రిసెప్షన్ రోజు ఫంక్షన్ హాలు గదిలో గౌను వేసుకుని నిలబడ్డాను. అత్తగారు వంగి వెనక అంచు తడిమి చూశారు. మొహం వెలిగిపోయింది.

"ఆఖరి కుట్టు మీ అమ్మ ఏసిందా? మంచిగైంది. పెండ్లిబట్టకు ఆఖరి ముడి ముత్తైదువ ఎయ్యాలె. నా చెయ్యి తగలొద్దని ఎవరికి కుట్టినా గింత ఇడిచిపెడత. నోటితోని ఎట్ల చెప్పాలె అని సూది గుచ్చి పెట్టిన."

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. అబద్ధం చెప్పి ఊరుకోవచ్చు. నావల్ల కాలేదు. అనుమానపడి బయట కుట్టించానని చెప్పేసి, పక్కనే ఉన్న మా అమ్మ సంచిలోంచి కత్తెర తీసి, ఆ జానెడు కుట్టూ విప్పేశాను.

"అయ్యో! ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"మీరే వేయండి అత్తమ్మా. లేకపోతే ఇట్లాగే స్టేజీ ఎక్కుతాను."

ఆమె చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మా అమ్మే సంచిలోని సూదికి దారం ఎక్కించి ఆమె చేతిలో పెట్టింది. "కుట్టు వదినా, టైమవుతాంది" అంది.

అత్తగారు నేల మీద కూర్చున్నారు. ఇన్నేళ్లలో పెండ్లిబట్టకు ఆఖరి కుట్టు వేయడం ఆమెకు ఇదే మొదటిసారి, ఒక్కో కుట్టుకూ తలెత్తి నా మొహం చూశారు. ఆ గౌను మొత్తం మీద వంకరగా ఉన్నది ఆ జానెడే. కంటికి కనబడ్డా తప్పుల జాబితాలో నేను రాయకుండా వదిలేసిన తప్పు అదొక్కటే.