జేజి కూర్చున్న స్టెప్నీ

మొన్న మా మనవడు కొత్త కారు కొని, రాజంపేటలో మా ఇంటిముందు నిలిపి, వచ్చి చూడు జేజీ అని చెయ్యి పట్టుకొని నన్ను బయటికి నడిపించుకొచ్చాడు. రంగు బాగుంది, సీట్లు మెత్తగా ఉన్నాయి, తలుపు వేస్తే చప్పుడే రాదు. అన్నీ చూసి సంతోషపడ్డాను గానీ నా మనసంతా వెనక డిక్కీ మీదే ఉంది. తెరిపించి, అడుగున పరిచిన అట్ట కూడా ఎత్తించాను. చక్రం ఉండవలసిన చోట గాలి కొట్టే చిన్న పెట్టె, పక్కన ఒక జిగురు సీసా ఉన్నాయి. స్టెప్నీ ఏదిరా అంటే వాడు నవ్వి, ఈ కార్లకు అది ఇవ్వరు జేజీ, ఫోన్ చేస్తే వాళ్ళే వచ్చి బాగుచేసి పోతారు అన్నాడు. జీవితమంతా బళ్ళో పిల్లల మీద కేకలు వేసిన గొంతు నాది, ఊరుకుంటుందా, నడివీధిలోనే వాడికి పాఠం మొదలుపెట్టాను. వాడు బుద్ధిగా తలూపి, కాఫీ తాగి, తన దారిన తాను పోయాడు. వాడు వినకుండా వదిలేసినది మీకు చెప్పుకుంటాను, నా ఈడువాళ్ళు మీరు, మీకైతే ఓపిక ఉంటుంది.

మా పల్లె ఆత్మకూరుకు దగ్గర. నాయన సేద్యం చూసుకునేవాడు, ఆయన తమ్ముడు, మా చిన్నాయన, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన ఒక పాత పికప్పు బండి కొని శెనక్కాయలు, మిరపకాయలు కర్నూలు మార్కెట్టుకు తోలేవాడు. ముందు ముగ్గురు ఇరుక్కొని కూర్చోవచ్చు, వెనక కప్పులేని తొట్టి. స్టెప్నీ ఆ తొట్టి కింద గొలుసుతో వేలాడుతుండేది. గొలుసు తుప్పు పట్టిన సంగతి ఎవరూ చూసుకోలేదు, ఒకనాడు వంక దిగుతుండగా అది పుటుక్కున తెగి, చక్రం దానంతటదే బండిని దాటుకొని జొన్నచేలోకి పరుగెత్తింది. చేలో పిట్టలు తోలుతున్న ముసలాయన భయపడి మంచె దిగి పారిపోయాడట. మనిషికి తగిలి ఉంటే ఏమయ్యేదని చిన్నాయన చాలాకాలం తలుచుకుంటూనే ఉండేవాడు. అప్పటినుంచి ఆయన ఇనుమును నమ్మడం మానేసి, చక్రాన్ని తొట్టిలోనే తాడుతో బిగించి కట్టేవాడు, బండి ఇంటికి రాగానే దాన్ని విప్పి దొర్లించుకుంటూ లోపలికి తెచ్చేవాడు. తొట్టిలో వదిలేస్తే మా సీమ ఎండకు రబ్బరు పగులుతుంది, చీకటిపడితే దొంగలూ తక్కువేం కాదు.

ఇక ఆ చక్రానికి జరిగే మర్యాదలు ఇంటికొచ్చిన అల్లుడికి కూడా జరిగేవి కావు. బయలుదేరే ముందు ఇనుపకడ్డీతో కొట్టి చూసేవాడు, ఖంగుమంటే సరే, మొద్దుగా పలికితే గాలి తగ్గిందని అర్థం. గాలి పోసే మూతిమీద ఉమ్మి తడిపి, బుడగ లేస్తుందేమోనని వంగి చూసేవాడు. వాడకుండా పడి ఉన్న చక్రం నుంచి గాలి ఊరికే జారిపోతుందని, తిరిగే చక్రాల కంటే దానికి నాలుగు దెబ్బలు ఎక్కువే కొట్టించేవాడు, ఆ పంపు తొక్కీ తొక్కీ మా ఇంటిల్లిపాదికీ పిక్కలు గట్టిపడ్డాయి. నట్లకు ఆముదం పూయడం నా పని. బండిని లేపకముందే నట్లు వదులు చెయ్యాలనీ, జాకీ కింద పలక పెట్టాలనీ, ఒక నట్టు తర్వాత దానికి ఎదురుగా ఉన్న నట్టు బిగించుకుంటూ రావాలనీ నాకు ఎక్కాలతో పాటు నోటికి వచ్చింది. బండి మాత్రం ఎన్నడూ నడపలేదు, నడపనిచ్చే కాలమూ కాదది.

ఇంట్లోకి వచ్చిన చక్రం వసారాలో స్తంభం పక్కన పడుకునేది. దానిమీద గోనెసంచి, గోనెసంచి మీద మడతపెట్టిన కంబళి, కంబళి మీద మా జేజి. నాయననూ చిన్నాయననూ కన్నతల్లి ఆమె. మోకాళ్ళ నొప్పులతో నేలమీద కూర్చుంటే లేవలేదు, మంచం మీద కూర్చుంటే కాళ్ళు అందవు, ఆ చక్రం ఎత్తు ఆమెకు కొలత పెట్టి చేయించినట్టు సరిపోయింది. పైగా ఆమెకు ఉబ్బసం. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, ఎగపోత ఎక్కువైన నాడు స్తంభానికి ఆనుకొని చక్రం మీదే కూర్చొని కునుకు తీసేది. అలాంటప్పుడు వేడినీళ్ళు కాచి ఇచ్చేదాన్నీ, వీపు రుద్దేదాన్నీ నేనే. అమ్మ రుద్దినా, కోడలి చెయ్యి గట్టి అని ఒప్పుకునేది కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ పంతులమ్మలను తయారుచేసే ట్రెయినింగు స్కూలుకు నేను దరఖాస్తు పెట్టుకుంటే, ఫలానా రోజు ఉదయం పదకొండులోపల హాజరు కావాలని, కాకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుందని కబురొచ్చింది. నాయన సరేనన్నాడు, చిన్నాయన తానే బండిలో దిగబెడతానన్నాడు. జేజి మాత్రం అవునూ అనలేదు, కాదూ అనలేదు, నాతో మాట్లాడటం మానేసింది. వీపు రుద్దబోతే పక్కకు జరిగేది. మా ఇంట్లో ఆమె గట్టిగా వద్దని ఉంటే ఎదురు చెప్పేవాళ్ళు లేరు, ఆ మాట ఎప్పుడు ఆమె నోట వస్తుందోనని ఆ నాలుగు దినాలూ నేను బిక్కుబిక్కుమంటూ తిరిగాను.

బయలుదేరేనాటికి ముందురాత్రి ఆమెకు ఎగపోత ఎక్కువై, తెల్లవారుతుందనగా కునుకు పట్టింది. చిన్నాయన కడ్డీ చేతబట్టుకొని వసారాలోకి వచ్చి, చక్రం మీద స్తంభానికి తల ఆనించి నిద్రపోతున్న తల్లిని చూసి నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా స్టెప్నీ లేకుండా గడప దాటని మనిషి, ఆ ఒక్కనాడు, లేపడానికి చేతులు రాక, నావైపు చూసి పోదాం పదమని సైగ చేశాడు. నేను జేజి కాళ్ళు తాకకుండానే దూరంనుంచి దండం పెట్టి బండెక్కాను.

తెల్లగా తెల్లవారేసరికి నాలుగు మైళ్ళు దాటి ఉంటాము. కంకర తేలిన చోట పలుగురాయి కోసి ముందుచక్రం టపీమని పేలింది. ట్యూబుకు చిల్లి అయితే అతుకు వేసుకోవచ్చు, టైరే జానెడు మేర చీలిపోయింది. మొదటి బస్సు పొద్దెక్కాక గానీ లేదు, అది ప్రతి ఊరి దగ్గరా ఆగుతూ కర్నూలు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. చిన్నాయన తల పట్టుకున్నాడు. అంతలో గాజుల పెట్టె కట్టుకొని సైకిలు మీద మా ఊరివైపు పోతున్న, తెలిసిన సాయిబు ఒకాయన కనబడితే, స్టెప్నీ ఎద్దులబండిమీద పంపమని మా ఇంట్లో చెప్పప్పా అని బతిమాలి పంపాడు.

చిన్నాయన ఊరికే కూర్చోలేదు. వెనకచక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, పలకమీద జాకీ నిలిపి, చీలిన చక్రం ఊడదీసి దాన్ని బండి కిందికి నెట్టాడు, జాకీ జారినా బండి ఆ చక్రం మీద పడుతుంది గానీ మనిషిమీద పడదని ఆయన జాగ్రత్త. అన్నీ సిద్ధం, చక్రమొక్కటే లేదు. నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. కబురు చేరేసరికి చక్రం మీద కూర్చొని ఉండేది జేజి. లేవను అని ఆమె ఒక్కమాట అంటే చాలు, నా చదువు ఆ కంకర మీదే ఆగిపోతుంది.

ఆ వేళ ఇంట్లో ఏం జరిగిందో అమ్మ తర్వాత చెప్పింది. సాయిబు గడప దగ్గర నిలబడి సంగతి చెప్పగానే అందరూ జేజి వైపు చూశారట. ఆమె స్తంభం పట్టుకొని లేచి, ఎద్దులు కట్టమని నాయనతో చెప్పిందట. తానూ వస్తానని పట్టుబట్టి, ఈ చలిగాలిలో నువ్వెందుకమ్మా అంటే, బండిలో అది దొర్లకుండా పైన ఎవరన్నా కూచోవద్దా అని దబాయించిందట.

దుమ్ము లేపుకుంటూ ఎద్దులబండి వచ్చింది. నాయన పగ్గాలు పట్టి ఉన్నాడు, వెనక మా జేజి, తలమీదుగా కంబళి కప్పుకొని, స్టెప్నీ మీద కూర్చొని ఉంది. ఊపిరి ఈలవేస్తున్నట్టు మోగుతోంది. నాయన భుజం పట్టుకొని దిగీ దిగకముందే చిన్నాయనను తిట్టడం అందుకుంది.

"నన్ను లేపింటే నేనేమన్నా చచ్చిపోదునా? పిల్లను ఎక్కిచ్చుకొని టెప్నీ లేకుండా పోతాండావే, బుద్ధుండాదా నీకు?"

చిన్నాయన చక్రం దించుకొని, ముందు కడ్డీతో ఒకసారి కొట్టి చూసి బిగించడం మొదలుపెట్టాడు. జేజి గస తీరేదాకా నిలబడి, అన్ని దినాల తర్వాత మొదటిసారి నా మొహం చూసి మాట్లాడింది.

"ఏడవద్దు. పో, పంతులమ్మవై రా. నా ఈపు రుద్దేదానికి మీయమ్మ ఉండాది."

అమ్మ చెయ్యి ఆమెకు పడదని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆమెకూ తెలుసు. నేను ఆమెను గట్టిగా పట్టుకొని ఏడ్చాను, ఆమె తిట్టి బండెక్కించింది. మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే, చీలిన చక్రాన్ని ఎద్దులబండిలో వేసుకొని, దానిమీదే కూర్చొని ఇంటిముఖం పట్టింది. గాలిలేక అది ఆమె కింద ఒక పక్కకు ఒరిగి ఉంది.

పదకొండు కొట్టకముందే చేరాము. సీటు దొరికింది, దానితోపాటు నా బతుకూ దొరికింది. చిన్నాయన తర్వాత ఆ చీలిన టైరులో శెనక్కాయ పొట్టు కూరి, గోనె కుట్టి జేజికే ఇచ్చేశాడు. బండి చక్రం బండిది, అమ్మ చక్రం అమ్మది అనేవాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె దానిమీదే కూర్చొని నాకు వీపు చూపించేది. ఒక ఎండాకాలం నేను వచ్చేసరికి స్తంభం పక్కన అది మాత్రమే ఉంది.

మా మనవడు అబద్ధం చెప్పలేదు. ఫోన్ చేస్తే వస్తారు, పనిముట్లతో వస్తారు, పాపం, వచ్చిన పిల్లలు మర్యాదగానే చేసిపోతారు. ఆ సౌకర్యాన్ని నేను తప్పుపట్టను. కానీ నేను ఎక్కడికి పోతున్నానో, అక్కడికి అందకపోతే నాకేమవుతుందో వచ్చేవాళ్ళకు తెలియదు, తెలియవలసిన పనీ లేదు. ఆనాడు చక్రం తెచ్చినామెకు అదంతా తెలుసు. నేను పోతే తనకేమవుతుందో కూడా తెలుసు. తెలిసే లేచింది.