అండాలమ్మ సీటు

2018 ఎండాకాలం. చిట్యాలలో హైవే పక్కన మాకు సీట్ల షాపు ఉంది. లారీ సీట్లు, ట్రాక్టర్ సీట్లు, ఆటో హుడ్లు, కార్లకు కవర్లు మా పని. కొలవడం, కత్తిరించడం, ఫోమ్ అతికించడం నేను చేసేవాణ్ణి. కుట్టుపని నా భార్య కరుణది. ఆమె ఇప్పుడు లేదు. మా పని గురించి ఏదైనా చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆమె ఉన్న రోజుల పనులే గుర్తొస్తాయి. ఇది వాటిలో ఒకటి.

ఒక ఉదయం యాదగిరి సార్ ఒక పత్రిక కాగితం పట్టుకుని షాపుకు వచ్చాడు. ఆయన ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఊరు భువనగిరి వైపు. కాగితంలో ఒక విదేశీ స్పోర్ట్స్ కారు లోపలి బొమ్మ ఉంది. ఎర్రటి సీట్లు, లోతుగా, మనిషిని రెండు పక్కల నుంచి పట్టుకునేలా.

"గిట్లనే గావాలె ప్రసాదూ, అచ్చం గిట్లనే" అన్నాడు.

"ఏ కారు సార్?"

"నా కారే. నేనే కట్టిన."

కిట్ కారు అన్న మాట నేను అప్పుడే విన్నాను. ఫైబర్ బాడీ ముక్కలు, చాసిస్ గొట్టాలు విడిగా తెప్పించుకుని, ఇంజన్ ఏ పాత కారు నుంచో తీసుకుని, ఇంటి దగ్గరే ఒక్కటిగా కూర్చుకునే కారు అది. యాదగిరి సార్ తన పశువుల కొట్టం ఖాళీ చేసి అందులో కట్టాడు. పైకప్పు లేదు. సీట్లు రెండే. ఇలాంటి బండికి రిజిస్ట్రేషన్ కాదని, రోడ్డెక్కితే పట్టుకుంటారని ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

"మరి ఎక్కడ నడుపుతరు సార్?"

"మా చెల్క దాటితే ప్లాట్ల వెంచర్ ఉన్నది గదా. డాంబరు రోడ్లు, కరెంటు స్తంభాలు అన్నీ ఉన్నయి, ఇండ్లే లేవు. యజమాని ఎరుకనే. వాచ్‌మన్ నా దగ్గర చదివినోడే."

మెషిన్ మీద నుంచి తల ఎత్తకుండా కరుణ అంది: "కొనెటోళ్ళు దొరకకున్నా తిరిగెటోళ్ళన్న దొరికిన్రు, మంచిదే."

ఆయన నవ్వాడు. ఇన్నేళ్లు కష్టపడి రోడ్డెక్కని కారు ఎందుకు కట్టారని నేను అడగలేదు, అడగాలనిపించినా. టీ తాగుతూ ఆయనే చెప్పాడు. పెళ్లయినప్పటి నుంచి భార్య అండాలమ్మ ఆయన పక్కన కూర్చుని ఎక్కడికీ పోలేదట. మోపెడ్ మీద ఆయన వెనక. బస్సులో ఆమె ముందు ఆడవాళ్ల సీట్లలో, ఆయన వెనక. పెళ్లిళ్లకు కిరాయి కారు మాట్లాడుకుంటే మగవాడని ఆయనను డ్రైవర్ పక్కన కూర్చోబెడతారు, ఆమె పిల్లలతో, సంచులతో వెనక. ఒకసారి ఏదో పెళ్లి నుంచి తిరిగి వచ్చాక, "నీ వీపు తప్ప నేనేం జూసిన?" అని ఆమె అందట.

"నవ్వుకుంటనే అన్నది. కని నాకు తగిలింది" అన్నాడు. "అందుకే రెండు సీట్లే పెట్టిన. మూడో మనిషికి జాగా లేదు."

కారు రోడ్డు మీదికి తేలేము కాబట్టి నేను కొట్టానికి వెళ్లి టెంప్లేట్లు తీసుకున్నాను. టెంప్లేట్ అంటే సీటు ప్రతి ముఖానికీ అట్ట మీద కోసుకునే నమూనా. దాన్ని బట్టి రెక్సిన్ కత్తిరిస్తాం. ఆయన తన సీటులో కూర్చుంటే భుజాలు, తొడల పొడవు, పెడల్ దాకా కాలు కొలిచాను. పక్క సీటు కూడా అదే కొలతకు చెయ్యమన్నాడు. అండాలమ్మను పిలవమంటే, "వద్దు, అయిపోయినంక సూడనియ్యి" అన్నాడు. నాకూ అందులో తప్పేమీ కనపడలేదు. మా పనిలో పక్క సీటు ఎప్పుడూ డ్రైవర్ సీటుకు జోడీగానే చేస్తాం.

బొమ్మలో ఉన్నట్టే చేశాం. పక్కలకు బోల్‌స్టర్లు పెట్టాను. మలుపులో మనిషి జారకుండా తొడల పక్కన, నడుము పక్కన లేచి ఉండే ఫోమ్ గట్లను బోల్‌స్టర్లు అంటాం. పైన ఎర్రటి స్వెడ్ గుడ్డ, పట్టుకుంటే మెత్తగానే ఉన్నా కాస్త గరుకుగా ఉంటుంది. అంచులకు కరుణ నల్ల పైపింగ్ వేసింది. రెండు ముక్కలు కలిసే చోట వత్తిలా లేచి కనపడే కుట్టు అది. అంత వంపులో పైపింగ్ ముడత పడకుండా కుట్టడం కష్టం. ఎక్కడా ముడత పడలేదు.

సీట్లు బిగించిన రోజు మేమిద్దరం వెళ్లాం. అండాలమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కారు దాకా వచ్చే ఆ కొద్ది దూరంలోనే నాకు విషయం అర్థమైంది. ఆమె కుడి మోకాలు వంగడం లేదు. కాలును పక్కకు తిప్పి, ముందుకు వేసి నడుస్తోంది. కారేమో నేలకు ఆనుకున్నట్టు ఉంది. డోరు కింద గొట్టాల మీద వెడల్పాటి గట్టు, సిల్ అంటాం, దానికి జానెడు కిందికి సీటు.

ఆమె డోరు పట్టుకుని కుడి కాలు లోపల పెట్టబోయింది. పెట్టలేకపోయింది. వెనక్కి తిరిగి కూర్చోబోయింది. బోల్‌స్టర్ నడుముకు అడ్డం వచ్చింది, చీర స్వెడ్‌కు పట్టుకుని కదలలేదు. యాదగిరి సార్ జబ్బ పట్టుకోబోతే, "ఒద్దయ్యా, పడేస్తవు" అంది. ముందు ఆమే నవ్వింది. మూడోసారి ప్రయత్నించాక నవ్వలేదు.

"నువ్వు తిరిగి రాపో. నేను గీడ నిలబడి సూస్త" అని చెప్పి, కాలు తిప్పుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది.

యాదగిరి సార్ తన సీటులో కూర్చుండిపోయాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి ఎదురుగా గోడ చూస్తున్నాడు.

"ఆమె కాలు మంచిగున్నప్పుడు మొదలుపెట్టిన ప్రసాదూ. కారు తయారయ్యేటాళ్ళకు కాలు పోయె" అన్నాడు. తరువాత, "ఇప్పేస్త. ఇంజన్ తీసి బాయికాడ నీళ్ల పంపుకు పెట్టుకుంట" అన్నాడు.

కొన్నేళ్ల పని అది. ఆ మాట కోపంతో అని ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఆయన మెల్లగా అన్నాడు. ఫోమ్ పెంచవచ్చు, తగ్గించవచ్చు, కానీ వంగని మోకాలికి ఏ ఫోమ్ వేస్తాం?

కరుణ అప్పటికే ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నన్ను పిలిచింది. "టేపు పట్టుకొని రా. కొలతలు ఈడున్నయి."

లోపల అండాలమ్మ నేల మీద కూర్చుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. వీపు గోడకు ఆనించి, రెండు కాళ్లూ బారచాపుకుని. నన్ను చూసి చీర సర్దుకుంది.

"ఛీ, గిదేం కొలత చెల్లె? బియ్యమేరేదానికి గూడ టేపు పెడ్తరా?"

"ఉండక్కా" అంది కరుణ. "నువ్వు కిందికి ఎట్ల దిగినవు? జర జూపియ్యి."

"ఎట్ల దిగుత? దిగుత."

"గదే సూపియ్యి."

అండాలమ్మ చేట పక్కన పెట్టింది. పై దూలం నుంచి ఒక తాడు వేలాడుతోంది, పశువులకు కట్టే లావుపాటి తాడు, చివర ముడి వేసి ఉంది. దాన్ని పట్టుకుని పక్కనే ఉన్న గద్దె మీదికి లేచింది. గోడ పొడుగునా కట్టిన ఎత్తు తక్కువ గట్టు అది. మళ్లీ గద్దె మీద కూర్చుని, రెండు కాళ్లూ ఒకేసారి పక్కకు తిప్పి, అరచేతుల మీద బరువు వేసి, నేల మీదికి జారింది. ఒక్కసారి కూడా మోకాలు వంచలేదు.

"తాడెవరు కట్టిన్రక్కా?"

"ఇంకెవరు? మీ సారే. కాలు పట్టేసిన ఏడాదే కట్టిండు."

నేను బయటికి వచ్చి కారు చూశాను. స్పోర్ట్స్ కారులో మనిషి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోడు. కాళ్లు ముందుకు చాపి, నేల మీద గోడకు ఆనుకున్నట్టు కూర్చుంటాడు. అంటే అండాలమ్మ రోజూ బియ్యం ఏరే తీరులోనే. లోపలికి చేరితే ఆ మోకాలికి అంతకంటే సుఖమైన సీటు మరొకటి లేదు. కష్టమంతా ఎక్కడంలో, దిగడంలో ఉంది. మేము కూర్చున్న మనిషికి సీటు చేశాం. ఎక్కే మనిషికి చెయ్యలేదు.

సార్‌కు చెప్పాను. డోరు వైపు బోల్‌స్టర్లు తీసేయాలి. ఫోమ్ పెంచి సీటును సిల్ ఎత్తుకు తేవాలి. సిల్ మీద కూడా ఫోమ్ వేసి ఇంట్లో గద్దెలా చెయ్యాలి. స్వెడ్ వద్దు, నున్నటి రెక్సిన్ వెయ్యాలి, చీరతో జారడానికి. ఆమె ముందు సిల్ మీద కూర్చుని, కాళ్లు తిప్పుకుని, సీటులోకి జరుగుతుంది.

ఆయన కాగితం తీసి బొమ్మ చూపించాడు. "గిండ్ల గద్దె ఎక్కడుంది ప్రసాదూ? స్పోర్ట్స్ కారుకు గద్దె కడ్తరా ఎవరన్న?"

"బొమ్మల ఆడమనిషి గూడ లేదు సార్" అంది కరుణ.

ఆయన పక్క సీటు వైపు చూశాడు. మళ్లీ, "ఫోమ్ పెంచితే నా కంటె ఎత్తుల కూసుంటది గదా?" అన్నాడు.

ఇంట్లో నుంచి అండాలమ్మ గొంతు వచ్చింది: "ఇంట్ల గట్లనే ఉన్నం గదా, కార్ల కొత్తేంది?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పండ్రి" అన్నాడు. ఈసారి సీటు గురించి.

షాపులో ఆ సీటు మళ్లీ మొదటి నుంచి చేశాం. అడుగున గట్టి ఫోమ్ వేశాను, పైన కొంచెం మెత్తది. అంతా మెత్తదే వేస్తే మనిషి దిగబడతాడు, లేవడం కష్టం. సీటు ముందు భాగం మామూలుగా తొడల కింద పైకి లేచి ఉంటుంది. దాన్ని చదును చేసి, మోకాలి కిందికి వచ్చేలా ఒక చిన్న దిండు వేరుగా చేశాను. డోరు వైపు అంచుకు కరుణ పైపింగ్ వెయ్యలేదు. జరిగేటప్పుడు తొడకు ఒత్తుకుంటుందని అక్కడ కుట్టును లోపలికి మడిచి, చదునుగా కుట్టింది. అంత బాగా కుదిరిన మొదటి పైపింగ్‌ను బ్లేడుతో తెంపేటప్పుడు నాకే చేతులు రాలేదు. ఆమె మాత్రం తన పాటికి తాను తెంపేసింది.

ఇంట్లో తాడు చేసే పని ఒకటి మిగిలింది. లారీ క్యాబిన్‌లోకి ఎక్కడానికి డ్రైవర్లు ఒక పట్టీ పట్టుకుంటారు. సీటు బెల్టుకు వాడే వెబ్బింగ్, అంటే దట్టంగా నేసిన పట్టీతో అవి కుట్టడం మాకు మామూలే. అలాంటిది ఒకటి ఎర్ర రెక్సిన్ తొడుగు వేసి కుట్టాం. సీట్ల వెనక పైకి లేచిన ఇనుప గొట్టం ఉంది, బండి తలకిందులైతే తలలు కాపాడటానికి. సార్ దానికి ఆ పట్టీని తానే బోల్టు వేసి బిగించాడు. బిగించి, తన బరువంతా వేసి ఊగి చూశాడు.

రెండోసారి అండాలమ్మ పాత చీరలోనే వచ్చింది, నమ్మకం లేనట్టు. సిల్ మీద కూర్చుంది. కాళ్లు తిప్పుకుంది. అరచేతులు ఆనించి జరిగింది. కాళ్లు ముందుకు చాపి, వీపు ఆనించి, అటూ ఇటూ చూసింది. మేం ముగ్గురం ఆమెనే చూస్తూ నిలబడ్డాం.

"ఏంది గట్ల సూస్తున్రు?" అంది. "పోనియ్యి మరి."

సార్ చెల్క చేను దాటించి కారును వెంచర్‌లోకి తెచ్చాడు. మేము బైకు మీద వెనకే వెళ్లాం. పొద్దు వాలుతోంది. నంబర్లు వేసిన రాళ్లు, వాటి మధ్య నల్లటి రోడ్లు, ఎవరూ లేరు. గేటు దగ్గర నిలబడ్డాం. కారు దూరం పోయినప్పుడు ఇంజన్ మోత మాత్రం వినపడేది. దగ్గరికి వచ్చినప్పుడల్లా వాళ్ల మాటలు వినపడేవి. మొదటి చుట్టులో అండాలమ్మ "మెల్లగ, మెల్లగ" అంటోంది. రెండో చుట్టులో తన ఆడబిడ్డ పెట్టిన చీర గురించి. మూడో చుట్టుకు ఇద్దరూ గట్టిగా పోట్లాడుకుంటున్నారు. ఆయన రోడ్డు వదిలి ఆమె వైపు చూసి చెయ్యి ఊపుతున్నాడు, ఆమె ఆ చెయ్యి పట్టి స్టీరింగ్ మీద పెడుతోంది.

మా ముందు ఆపి, "దిగుతవా?" అన్నాడు.

"మాట నడుమ ఎట్ల దిగుత? ఇంకో సుట్టు తిప్పు."

తిప్పాడు. ఎన్ని తిప్పాడో నేను లెక్కపెట్టలేదు. చివరికి ఆమె పట్టీ పట్టుకుని, సిల్ మీదికి జరిగి, ఎవరి చెయ్యీ అందుకోకుండా దిగి నిలబడింది. "ఇగ మీరు పోయి రాండ్రి" అని కరుణను ముందుకు తోసింది.

నేను నడిపాను. కరుణ నా పక్కన కూర్చుంది. వెంచర్ అంతా తిరిగినా ఆమె బయటికి చూడలేదు. అరచేత్తో సీటు అంచు తడుముతూ, వీపు వెనక చెయ్యి పెట్టి చూస్తూ కూర్చుంది.

"ఈడ జర ఎక్కువైంది ఫోమ్" అంది.

"ఒకసారి బయట జూడు."

"సూస్త గని, నువ్వు రోడ్డు జూడు."

యాదగిరి సార్ వాళ్లు ఇప్పటికీ సాయంత్రాలు ఆ కారులో తిరుగుతున్నారు. వెంచర్‌లో ఒకటి రెండు ఇళ్లు లేచాయి, అక్కడి వాళ్లు ఏమీ అనరట. ఫోమ్ కుంగితే కబురు పెడతారు, నేను వెళ్లి మారుస్తాను.

మనిషి కూర్చున్నాక కొలత తీసుకోవడం అందరూ నేర్పుతారు. రావడం, ఎక్కడం, దిగడం కూడా సీటులో భాగమేనని నాకు ఈ పనిలో తెలిసింది. అప్పటి నుంచి షాపు ముందు ఎవరు బండి ఆపినా ముందు వాళ్లు దిగేదాకా చూస్తాను. ఆ తరువాత, మీ ఇంట్లో మీరు ఎలా కూర్చుంటారు, లేచేటప్పుడు ఏం పట్టుకుంటారు అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. సీటు కవరుకు వస్తే ఇవన్నీ ఎందుకని అడుగుతారు.

ఇది మా షాపు పద్ధతి అని చెబుతాను. ఎవరు పెట్టిన పద్ధతో చెప్పను. చెబితే కరుణ మాట వస్తుంది, పని ఆగిపోతుంది.