నేలకు పరదా వేసిన ఆపా

మొన్న జగిత్యాలలో ఒక కొత్త ఇంట్లో పనికి దిగాం. చుట్టకు కట్టిన తాడు కోయగానే నీలం రంగు ప్లాస్టిక్ పట్టా హాలంతా జరజరా పరుచుకుంది. ఎండకు వేడెక్కిన కొత్త ప్లాస్టిక్ వాసన, పక్కన బకెట్‌లో అప్పుడే కలిపిన జిగురు సిమెంటు వాసన. ఈ రెండూ కలిసి ముక్కుకు తగిలితే నేను ఎక్కడున్నా కోరుట్లలో ఆపా దుకాణం ముందు నిలబడ్డట్టే ఉంటుంది. టైల్స్ కింద ఈ పట్టా పరిచే పని నాకు నేర్పింది ఆమె. నా చేతిలో తాపీ పెట్టింది కూడా ఆమే.

ఆపా అసలు పేరు మెహరున్నీసా. మెట్‌పల్లి రోడ్డు మీద టైల్స్ దుకాణం నడిపేది. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆపా, అంటే అక్క, అనే పిలిచేవారు. వినయం ఆమె వీధిలోకి కూడా ఎప్పుడూ వచ్చినట్టు లేదు. "జిల్లాల నా అంత టైల్సు తెలిసినోళ్లు ఎవరున్నరో చూపియ్యుండ్రి" అని కొనడానికి వచ్చినవాళ్లతోనే పందెం కాసేది. వయసులో ఉన్నప్పుడు షార్జా వెళ్లి ఒక పెద్దింట్లో వంట చేసిందట. ఆ ఇంటి హాల్లో పగిలిన పాలరాయి తీసి, కింద ఇలాంటి పట్టా వేసి మళ్లీ పరుస్తుంటే, వంటింటి గుమ్మంలో నిలబడి కన్నార్పకుండా చూసిందట. "కూర మాడింది, తిట్లు తిన్న. కని గా నేల ముచ్చట ముఫ్తుల నేర్సుకున్న" అని ఆ కథ చెప్పిన ప్రతిసారీ తొడ చరిచి నవ్వేది. కథ చెప్పినప్పుడల్లా మాడిన కూర మారిపోయేది. పట్టా మాత్రం మారేది కాదు.

మాది సారంగాపూర్. సెంటు భూమి లేని ఇల్లు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది, ఆపా దుకాణం తరఫున జరిగే పనుల్లో మాలు మోసే కూలికి కుదిరాను. మా దగ్గర ఆడవాళ్లు తట్ట మోస్తారు, మగవాళ్లు తాపీ పడతారు. ఇది ఎవరు రాసిన చట్టమో నాకు తెలియదు, నాకు మాత్రం ఒళ్లు మండేది. నాకు తాపీ కావాలి. మేస్త్రీలు చాయ్‌కి వెళ్లినప్పుడు వాళ్ల తాపీ తీసుకుని ఒక మూలన టైలు పరిచాను. ఆ పూటే ఆపా వచ్చింది. ఆమె వేలికి లావుపాటి వెండి ఉంగరం ఉండేది. దాంతో టైలును తట్టి, చెవి ఆనించి విని, లోపల డొల్లగా ఉందో నిండుగా ఉందో చెప్పేది.

"ఎవరు పెట్టిన్రు గిది?" అంది, నా టైలును తట్టి.

"నేనే ఆపా."

మళ్లీ తట్టింది. "నిండుగున్నది. రేపటి సంది నీ చేతుల తట్ట కనవడొద్దు."

ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు, అంత సంతోషం. అయినా ఆపా మాట ఒక్కటే సరిపోదు కదా. మల్లయ్య మేస్త్రి మూలలు, గోడ అంచులు తప్ప ఇంకేమీ నాకు వదిలేవాడు కాదు. కనిపించే నేల అంతా ఆయనది, బీరువా కింద పోయే నేల నాది.

సిరిసిల్లలో ఆసామి నర్సయ్య ఇంటి పని అలాంటప్పుడే వచ్చింది. కింద ఆయన సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు. పైన కొత్తగా కట్టుకున్న హాలు. అందులో టైల్స్ ఒకసారి పగిలాయి, మార్చి వేస్తే మళ్లీ అదే దారిలో పగిలాయి. తప్పంతా కింద అదిరే సాంచాలదేనని అందరూ తీర్పు చెప్పేశారు. ఆపా టైల్స్ లేపించింది. కింద స్లాబు మీద ఈ మూల నుంచి ఆ మూలకు వెంట్రుకవాసి పగులు కనిపించింది. ఇంజనీరును పిలిపించి, స్లాబు బలంగానే ఉందని, ఊగడం లేదని తేల్చుకున్నాకే పని ఒప్పుకుంది. కింద నేల ఊగిపోతుంటే ఏ పట్టా దాన్ని ఆపలేదు.

"సాంచాలను ఎందుకు బద్నాం చేస్తరు?" అంది నర్సయ్యతో. "ఎండకు స్లాబు సాగుతది, చలికి ముడుసుకుంటది. గా పగులు జరంత తెరుసుకుంటది, మూసుకుంటది. మీరేమో టైలును దానికే గట్టిగ అతికిచ్చిన్రు. కింద గుంజుతే పైన పగలక ఏం జేస్తది?"

పట్టాకు ఒక వైపు మెత్తటి నూగు ఉంటుంది, ఇంకో వైపు చిన్న చిన్న గళ్లు. మేస్త్రీలు దానికి జంపఖానా అని పేరు పెట్టారు. ఆ పేరే కొంప ముంచింది. మన ఇళ్లలో జంపఖానా ఎలా పరుస్తాం? కూర్చునే మెత్తటి వైపు పైకి. మల్లయ్య మేస్త్రి కూడా హాల్లో సగం అలాగే పరిచేశాడు.

ఆపా మెట్లెక్కి వచ్చి చూసింది. "గిదేంది మల్లయ్యా?"

"జంపఖానా ఏసినం ఆపా. మెత్త దిక్కు పైకే ఉన్నది, సూడు."

"మీద గూసోని పాన్ తింటవా ఏంది? నూగు జిగురును పట్టుకోని స్లాబుకు అతుకుతది. గళ్లల్ల జిగురు నిండి టైలును పట్టుకుంటది. తియ్యి!"

మల్లయ్యకు కోపం నషాళానికి అంటింది. "తల నెరిసే దాక గిదే పని చేసిన. ఆడోళ్లు నాకు నేర్పుతరా?" అని సామాను సంచిలో వేసుకుని దిగిపోయాడు.

ఆపా కిటికీలోంచి వినపడేలా అరిచింది. "ఇయ్యాల్టి సంది దీన్ని జంపఖానా అన్నోళ్లకు నా దుకాణంల చాయ్ బంద్! దీని పేరు పరదా. కింద స్లాబు, పైన టైలు. ఒక్క ఇంట్లనే ఉంటయి, కని ఒకదాన్నొకటి గుంజుకోవు. నడుమల పరదా ఉన్నది!" తర్వాత నా వైపు తిరిగింది. "స్వరూపా, తాపీ పట్టు బిడ్డా."

నర్సయ్య ముఖం వాడిపోయింది. "ఈమెనా ఏసేది? మల్ల పగిలితే?"

"పగిలితే ఆమె మల్ల తాపీ పట్టది. నేను టైల్సు ముచ్చట మాట్లాడ."

ఆపా ఊరికే మాట్లాడకుండా ఉండటం ఎంత పెద్ద పందెమో ఆమెను చూసినవాళ్లకే తెలుసు. నాది ఇంకా పెద్ద పందెం. ఇది పోతే నా చేతికి మళ్లీ తట్టే వస్తుంది. నూగు కిందికి, గళ్లు పైకి అని లోపల గొణుక్కుంటూ, మల్లయ్య పరిచింది తీసేసి, స్లాబు మీద జిగురు దువ్వి పట్టా తిప్పి అతికించాను. తాపీ చదును వైపుతో గళ్లన్నీ నిండేలా జిగురు రుద్దాను. పళ్ల వైపుతో దువ్వాను. గోడ వెంట సందు వదిలాను, నేల సాగితే గోడను తన్నకుండా. ఒక టైలు పరిచి, వెంటనే లేపి వెనక చూశాను. జిగురు అంతటా అంటింది. అప్పుడు ధైర్యం వచ్చింది. ఆ హాలు నడిమధ్యన, అందరికీ కనిపించే చోట, మోకాళ్ల మీద కూర్చుని పని చేయడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ చూడలేదు.

ఆ ఎండాకాలం రాళ్లు పగిలే ఎండలు కాశాయి. ఫోన్ మోగినప్పుడల్లా నర్సయ్యేనేమో అనుకునేదాన్ని. తొలకరి పడ్డాక ఆపా నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల వెళ్లింది. తీరా చూస్తే మల్లయ్య మేస్త్రి కూడా అక్కడే ఉన్నాడు. పగుళ్లు కళ్లారా చూద్దామని వచ్చి ఉంటాడు. ఆపా తన ఉంగరం తీసి ఆయన చేతిలో పెట్టింది. "నేను తడితే అబద్ధమంటవు. నువ్వే తట్టు."

ఆయన మోకాళ్ల మీద వంగి ఈ మూల నుంచి ఆ మూలకు తట్టుకుంటూ వెళ్లాడు. అందరం ఆ చప్పుడు వింటూ వెనకే నడిచాం. ఎక్కడా డొల్ల లేదు. ఎక్కడా గీత లేదు. చివర లేచి మోకాళ్లు దులుపుకుని, ఆపా వైపు కాదు, నా వైపు చూశాడు. "గా పరదా ఏసుడు నాకు జర చూపియ్యి, మేస్త్రమ్మా" అన్నాడు.

ఆపా నవ్విన నవ్వుకు కింద సాంచాల చప్పుడు కూడా వినపడలేదు. నేను ఏడ్చేశాను. సిగ్గేమీ వేయలేదు. మల్లయ్యకు అదే నెలలో నేర్పాను. ఒకసారి నేర్చుకుంటే మరిచే మనిషి కాదు, మళ్లీ ఎప్పుడూ నూగు పైకి వేయలేదు.

ఆపా ఇప్పుడు లేదు. దుకాణం ఆమె కూతురు చూసుకుంటోంది. నాకు ఉంగరాల మీద మోజు లేదు గానీ, తట్టడానికే ఒక వెండిది కొనుక్కున్నాను. నాతో ఇప్పుడు పని చేసే ఆడవాళ్లందరి చేతిలోనూ తాపీలే ఉన్నాయి. తట్టలు అందరం వంతులవారీగా మోస్తాం.

మొన్న జగిత్యాలలో పట్టా పరుస్తుంటే ఆ ఇంటి పిల్లగాడు గుమ్మంలోకి వచ్చాడు. కొత్తగా పెళ్లయినవాడు, సొంత ఇల్లు కట్టుకుంటున్నాడు. "అక్కా, పరదా ఏస్తున్నరు గదా? పరదా లేకుంటే మా అమ్మ ఊకోదు."

పట్టా వచ్చిన అట్టపెట్టె మీద ఇంకేదో పేరు అచ్చు వేసి ఉంది. "దీనికి పరదా అని ఎవరు పేరు పెట్టిన్రో ఎరికేనా తమ్మీ?" అని అడిగాను.

వాడు నన్ను వింతగా చూశాడు. "పేరు పెట్టుడేందక్కా? దాని పేరే గది."

నాకు ఆపా తొడ చరిచి నవ్వడం వినిపించింది. "అవు తమ్మీ, దాని పేరే గది" అని, నూగు కిందికి తిప్పి, తాపీ అందుకున్నాను.