తలుపు బయట నిలబడేది

కొత్త మృగానికి ప్రాణం పోసేముందు దాని నడకను అతను తానే ఆఫీసు వరండాలో నడిచి చూసుకుంటాడు. ఎదురొచ్చినవాళ్లు నవ్వుతూ గోడకు ఒదుగుతారు. ఆరేళ్లుగా ఒకే వీడియో గేముకు శత్రువులను తయారుచేస్తున్నాడు. అదే గేములో నదులు గీసే పనికి మార్చమని అడగడానికి వారానికోసారి మేనేజరు గది బయట నిలబడతాడు. "ఈ ఒక్కటీ భయపెట్టిందంటే మార్చేస్తాను" అన్నాడు మేనేజరు. ఈసారి మృగానికి కోరలు లేవు, నడకా లేదు. ఆటగాడు కట్టుకున్న గుడిసె బయట అది ఊరికే నిలబడుతుంది. మేనేజరు ఆడి చూశాడు. గుడిసెలో దూరి తలుపేసుకుని, మళ్లీ తీయలేకపోయాడు.

"బాబోయ్, చెమటలు పట్టించావు కదయ్యా!"

"మరి నదులు, సార్?"

"ఇంత పనిమంతుణ్ణి ఎలా వదులుతానయ్యా? ఇలాంటివి ఇంకో డజను చెయ్యి."

మేనేజరు తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. కాసేపటికి మృగాలు చేసే అతను తన కుర్చీలోంచి లేచి, వరండా దాటి, ఆ తలుపు బయట ఊరికే నిలబడ్డాడు.